మొలక రాగి పిండి, ఒక్క స్పూను

నమ్మితే నమ్మండి, లేకుంటే మీ ఇంట్లోనే చేసి చూసుకోండి. గరిటె నిలబడేంత చిక్కటి రాగి జావ, చుక్క నీళ్ళు పొయ్యకుండా, ఒక్క స్పూను పిండి వేసేసరికి జారుడుగా అయిపోయింది. పిండి వేస్తే ఇంకా గట్టిపడాల గదా? అదే చెప్తాండా, వినండి.

మా కాలేజీలో బాటనీ చెప్పే సుభాషిణి మేడంకు ఒకప్పుడు చదువు చెప్పినాయన కుళ్ళాయప్ప సార్. అనంతపురం పాతూరులో ఉంటాడు, రిటైరై చానా ఏండ్లయింది. ఆయనకొక అలవాటు. ఏమడిగినా జవాబు చెప్పడు, ఏదో ఒక పని చెప్తాడు. ఆకులు పచ్చగా ఎందుకుంటాయి సార్ అని ఎవరో అడిగితే, పోయి గడ్డి మీద ఇటుక పెట్టి వారం తర్వాత తీసి చూడు పో అన్నాడంట.

ఈ మధ్య సార్ గొంతుకు ఆపరేషనయింది. చిక్కగా ఉండేది ఏదీ మింగలేడు. పల్చగా తాగితే నీళ్ళతోనే కడుపు నిండిపోతాది, ఒంటికి బలం పట్టదు. మనిషి చిక్కి సగమైనాడు. మేడం చూసేకి పోయింది గానీ, ఆమె మనసులో ఉండేది సార్ గొంతు కాదు, చౌడేశ్వరి.

చౌడేశ్వరి మా క్లాసు పిల్ల. పేపరు మీద అన్నీ రాస్తాది. లేపి అడిగితే మాత్రం నోరు పెగలదు. మేడం కోప్పడింది, గంటలకొద్దీ నిలబెట్టింది, అందరి ముందర "నోట్లో ఏం పెట్టుకున్నావే, మట్టా?" అనింది. అరిచేకొద్దీ ఆ పిల్ల ఇంకా బిగుసుకుపోయింది. ప్రాక్టికల్స్‌లో బయటినుంచి వచ్చినోళ్ళు ప్రశ్నలడుగుతారు, ఈ పిల్ల రాయిలాగ నిలబడితే కాలేజీ పరువు పోతాదని ప్రిన్సిపాల్ బాధ. ఉంచుకుందామా, టీసీ ఇచ్చి పంపిద్దామా, రేపు పొద్దున వచ్చి చెప్పండి అన్నాడు మేడంతో. పంపిస్తే వాళ్ళ నాయన బెంగళూరులో గార్మెంట్స్ పనికి పెడతాడు. అది అందరికీ తెలుసు. మేడంకూ తెలుసు.

"సార్," అనింది మేడం, ఇంకా కూర్చోకముందే. "ఎంత గట్టిగా చెప్పినా కదలని పిల్లను ఏం చెయ్యాల?"

సార్ గొంతు ఇప్పుడు గాలి మాదిరే వస్తాది. "ఆకలైతాంది సుభా. జావ కాయి. చిక్కగా."

"చిక్కగా కాస్తే మీరు మింగలేరు కదా సార్."

"నువ్వు కాయమ్మా ముందు."

కాసింది. గరిటె నిలబెడితే నిలబడింది. సార్ లోపలికి పోయి ఒక డబ్బా తెచ్చినాడు. "మొలకెత్తిన రాగులు. ఆరబెట్టి, వేయించకుండా విసిరిన పిండి ఇది. ఒక స్పూను వేసి కలుపు, పల్చబడతాది."

మా సీమలో ఏ ఇంటి చెయ్యికైనా ఒకటే అలవాటు. రాగి పిండి అంటే కుతకుతలాడే గిన్నెలోనే పడాల. సంగటైనా అంతే, జావైనా అంతే. మేడం చెయ్యి కూడా అదే పని చేసింది. మంట ఇంకొంచెం పెంచి, ఉడుకుతాండే దాంట్లోనే స్పూను కుమ్మరించింది. జబ్బ నొప్పి పుట్టేదాకా కలిపింది. గరిటె నిలబడింది నిలబడినట్టే ఉంది.

"మీ పిండి పాతదైపోయింది సార్."

"పిండిదా తప్పు?"

"లేకుంటే జావది. బండ జావ. పక్కింటోళ్ళ బర్రె కుడితిలో పోసేస్తా." గిన్నె దించి గడప దాకా పోయింది కూడా.

"ఆ గట్టు మీద పెట్టు దాన్ని," అన్నాడు సార్. "ఇంకో గిన్నె కాయి."

ఇంకోటి కాసింది. అదీ అంతే చిక్కగా వచ్చింది. ఆమె స్పూను తియ్యబోతే సార్ పొయ్యి ఆపేసినాడు. "కూర్చో."

"ఏం చెయ్యాల ఇప్పుడు?"

"ఏమీ వద్దు. ఊరికే కూర్చో."

ఊరికే కూర్చునేది మేడంకు చేతకాదు. గిన్నె వైపు చూస్తాంది, గోడ వైపు చూస్తాంది, చీర కొంగు మెలిపెడతాంది. ఫోను మోగింది, ప్రిన్సిపాల్. సార్ ఆమెను చూసినాడు. ఆమె ఎత్తలేదు. ఆవిరి తగ్గినాక సార్ చిటికెన వేలు జావలో పెట్టి కాసేపు ఉంచినాడు. "వేలు ఓర్చుకుంటాంది. ఇప్పుడెయ్."

అదే డబ్బా, అదే స్పూను. కలిపింది. ముందు ఏమీ కాలేదు. ఆమె "చూసినారా" అనబోయింది. అంతలో గరిటె మెల్లగా వాలి, గిన్నె అంచుకు తగులుకొని నిలిచింది. ఇంకొంచెం కలిపి ఎత్తితే జావ గరిటె మీంచి తీగలాగ జారింది. సార్ ఒక లోటా నిండా తాగినాడు, ఎక్కడా పొలమారకుండా.

"అమైలేజ్," అనింది మేడం మెల్లగా. "పోయిన వారమే క్లాసులో చెప్పినా సార్, మొలకల్లో పుట్టే ఈ ఎంజైమ్ గురించి."

"ఏమని చెప్పినావు?"

మేడం పాఠం అప్పజెప్పినట్టే మొదలుపెట్టింది. "పిండిపదార్థం గొలుసు తనంతట తాను తెగదు సార్, అడ్డంగా గట్టు ఉంటాది. ఎంజైమ్ దాన్ని తోసి గట్టెక్కించదు, గట్టునే తగ్గిస్తాది. తనకు సరిపడే చోట పట్టుకుంటాది, గొలుసు తెగినాక వదిలేస్తాది, తాను మాత్రం అరగదు, కరగదు, ఇంకో గొలుసు దగ్గరికి పోతాది. అందుకే ఒక్క స్పూను గిన్నెకంతా చాలు. కానీ మరీ వేడైతే..."

అక్కడ ఆగిపోయింది.

"చెప్పు," అన్నాడు సార్.

"మరీ వేడైతే దాని రూపం చెడిపోతాది సార్. అక్కడే ఉంటాది గానీ, దేన్నీ పట్టుకోలేదు."

మేడం లేచి గట్టు దగ్గరికి పోయింది. మొదటి గిన్నె అక్కడే ఉంది, కుడితిలో పొయ్యాలనుకున్నది. వేలు పెట్టి చూసింది, గోరువెచ్చగా ఉంది. అడక్కుండానే డబ్బాలోంచి కొత్తగా ఒక స్పూను తీసి వేసి కలిపింది. మంట లేదు, నీళ్ళు లేవు. కాసేపటికి ఆ బండ జావ కూడా కదిలింది, గరిటె వాలింది.

మేడం ఆ గిన్నె ఎత్తుకొని సార్ దగ్గరికి తెచ్చింది.

"చెడింది జావ కాదు తల్లీ," అన్నాడు సార్, ఖాళీ లోటా ముందుకు చాపి.

ఇదంతా మేడమే మాకు చెప్పింది. మరుసటి రోజు పొద్దున ప్రిన్సిపాల్ రూముకు పోలేదు ఆమె. నేరుగా మా క్లాసుకొచ్చి, చౌడేశ్వరి బెంచీలో, పక్కనే కూర్చునింది. ఏమీ అడగలేదు. ఊరికే కూర్చునింది, చానాసేపు. అప్పుడు చౌడేశ్వరి మేడం వైపు తిరిగి... ఆ, వస్తాండా అమ్మా! మా అమ్మ పిలుస్తాంది. కుళాయొచ్చిందంట, బిందెలు పట్టాల, పోతాండా.