మంగతాయి లాగిన ముసుగు

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. ఆ అడవి మధ్యలో ఒక వాగు. వాగుకి ఇటు పల్లం, అటు రాళ్ళకొండ. పల్లంలో కుందేళ్ళు, ఉడుతలు, నక్కలు, ముంగిసలు కాపురం ఉండేవి. కొండమీద అలుగులు ఉండేవి.

అలుగంటే తెలుసా మీకు? ఒళ్ళంతా పెంకులుంటాయి దానికి. భయమేసినా, సిగ్గేసినా తల పొట్టలో దాచుకుని ఉండలా చుట్టుకుపోతుంది. ఎంత బతిమాలినా విప్పుకోదు. చెదపురుగులు తప్ప ఇంకేం పెట్టినా తినదు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. మన కథలో ఒకావిడ గుర్తుపెట్టుకోలేదు, అదే వచ్చిన చిక్కు.

వానలు వెళ్ళిపోయాక పల్లంలో ఒక సాయంత్రం వేషాల పండగ జరిగేది. పిల్లలందరూ ఆకులతో, బెరళ్ళతో ముసుగులు కట్టుకునేవాళ్ళు. ఉడుత పులి అయ్యేది. ముంగిస పాము అయ్యేది, వాళ్ళమ్మ నెత్తి కొట్టుకునేది. అందరూ ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టి "గాండ్రుమంటున్నాం!" అని అరవాలి. ఇంట్లోవాళ్ళు హడలిపోవాలి. ఆ పైన తినడానికి ఏదైనా పెట్టాలి. హడలిపోని ఇంటి గుమ్మంలో పిల్లలు పల్లేరుకాయలు చల్లిపోయేవాళ్ళు. తెల్లారి బయటికి అడుగుపెట్టినప్పుడు తెలిసేది ఆ ఇంటివాళ్ళకి మజా.

హడలిపోవడంలో కుందేలు మంగతాయిని మించినవాళ్ళు లేరు. పులి వేషంలో ఉన్నది పక్కింటి ఉడుత బుడిగి అని తెలిసినా సరే, "అమ్మో! అమ్మమ్మో! నన్ను మింగేస్తోంది!" అని గావుకేక పెట్టి, వెనక్కి పడి, కాళ్ళు కొట్టుకునేది. తర్వాత లేచి దులుపుకుని, ఒక్కొక్కరి చేతిలో రేగొడియాలు పెట్టేది. ఆ కేక కోసమే పిల్లలు ఆవిడ గుమ్మం ముందు తోసుకునేవాళ్ళు. మంగతాయికి అదంటే ఎంత గర్వమో! పండగ ముందు రోజు గొంతు పాడవుతుందని చల్లనీళ్ళు కూడా తాగేది కాదు.

పండగ అన్నాక పేచీలు ఉంటాయి కదా. మీసాలొచ్చిన కొండముచ్చులు కూడా ముసుగేసుకొచ్చి ఒడియాలు పట్టుకుపోతున్నాయని కొందరు. మా పిల్లలకి మీ ఇంట్లో ఎండు ముక్కలు పెట్టారని కొందరు. ఆ ఏడు మాత్రం నక్క బుచ్చన్న పెద్ద పేచీ తెచ్చాడు. ఇప్పచెట్టు కింద అందర్నీ కూర్చోబెట్టి మొదలుపెట్టాడు.

"పోయినేడు మా ఇంట్లో పెట్టినవి పెట్టినట్టే అయిపోయాయి. ఎలా అయిపోయాయంటారు? కొండ పిల్లలు ముసుగులేసుకుని దిగొస్తున్నారు. మనం కష్టపడి ఎండబెట్టుకున్నవి వాళ్ళు దండుకుపోతున్నారు."

"నువ్వు చూశావా?" అంది తాబేలు పేరమ్మ మామ్మ.

"ముసుగు ఉంటే ఎలా చూస్తాను మామ్మా? అందుకే అంటున్నా. ఈ ఏడు ఎవరు తలుపు తట్టినా ముసుగు తీసి చూద్దాం. మన పిల్లలైతే పెడదాం, కాకపోతే పంపించేద్దాం."

"ముసుగు తీశాక అది వేషమెలా అవుతుందిరా?" అంది మామ్మ.

బుచ్చన్న ఆ మాట పట్టించుకోకుండా మంగతాయి వైపు తిరిగాడు.

"వదినా, అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నది నువ్వే. నీ ఒడియాలంటే అడవంతా పడి చస్తుంది. నువ్వు సరేనంటే మాకందరికీ ధైర్యం."

అడవంతా అనేసరికి మంగతాయి ఉబ్బిపోయింది. ఒక్కసారైనా ఆలోచించాలా వద్దా? ఆలోచించలేదు. చెయ్యెత్తి "నాకు సమ్మతమే" అనేసింది.

పండగ సాయంత్రం వచ్చింది. తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఒక బుల్లి పులి. మంగతాయి కేక పెట్టి కింద పడింది. లేచాక "ఏదీ, ముసుగు ఎత్తవే" అంది. బుడిగి మొహం చిన్నబుచ్చుకుని ఎత్తి చూపించింది. ఒడియాలు దొరికాయి.

మళ్ళీ చప్పుడైంది. ఈసారి తోకూపుకుంటూ ముంగిస పాము. మళ్ళీ కేక, మళ్ళీ "ముసుగు ఎత్తు నాయనా", మళ్ళీ ఒడియాలు.

మూడోసారి చప్పుడు చాలా మెల్లగా అయింది. మంగతాయి తలుపు తీసింది. ఒక చిన్న ఎలుగుబంటి నిలబడి ఉంది. ఎండుగడ్డితో ఎంత ముద్దుగా కట్టారో ఆ ముసుగు! కానీ ఆ ఎలుగు గాండ్రుమనలేదు. గెంతలేదు. తల వంచుకుని, రెండు చేతులూ ముందుకు చాపింది. చేతుల్లో ఏదో ఉంది. ఆ మసక వెలుతుర్లో మంగతాయికి ఆ చేతులు చాచినట్టే కనబడ్డాయి గానీ, చేతుల్లో ఉన్నది కనబడలేదు.

"ఎవరు నువ్వు? అరవవేం?" అంది మంగతాయి.

ఎలుగు చేతులు ఇంకాస్త ముందుకు చాపింది.

బయట బుడిగీ, ముంగిస పిల్లా ఒడియాలు నములుతూ చూస్తున్నారు. ఎదురింటి గుమ్మంలోంచి బుచ్చన్న చూస్తున్నాడు. మంగతాయికి పట్టుదల వచ్చింది. "అరుపు లేదు, మాట లేదు, చేతులు మాత్రం చాచేస్తారు! కొండ పిల్లవేనా?" అంటూ ఆ ముసుగు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

గడ్డి చెదిరిపోయింది. లోపల చిన్న అలుగు పిల్ల. పేరు సుక్కి. ఒక్క క్షణం మంగతాయి కళ్ళలోకి చూసింది. అంతే, గుమ్మంలోనే ఉండలా చుట్టుకుపోయింది. చేతుల్లో ఉన్న ఆకు దొన్నె జారి, దొన్నెలోని సారపప్పు బురదలో చెల్లాచెదురైంది.

ఎవరో పకపకా నవ్వారు. తర్వాత ఆ నవ్వూ ఆగిపోయింది.

"అత్తా, ఎందుకలా లాగావు?" అంది బుడిగి.

మంగతాయి బురదలో పప్పు చూస్తూ నిలబడిపోయింది. అలుగులు సారపప్పు తినవు. రేగొడియాలూ తినవు. ఒడియాలు తినని పిల్ల ఒడియాల కోసం ఎందుకొస్తుంది? ఆ మాట అప్పుడు తట్టింది, ఆవిడగారికి.

పేరమ్మ మామ్మ వచ్చేసరికి ఆలస్యమైంది. తాబేలు కదా, పాపం. వచ్చి ఆ ఉండనీ, బురదలో పప్పునీ చూసి చతికిలబడింది.

"వాళ్ళకీ ఇవాళే పండగ, కానీ మన పండగలాంటిది కాదే మంగా. కొండమీద పిల్లలు ముసుగేసుకుని వెళ్ళేది తీసుకోవడానికి కాదు, ఇవ్వడానికి. ఏడాదంతా తమకెవరివల్ల సంతోషం కలిగిందో వాళ్ళ గుమ్మంలో ఏదో ఒకటి పెట్టి వస్తారు. ఇచ్చింది ఎవరో తెలియకూడదు. మొహం కనబడిందా, ఇచ్చింది ఇచ్చినట్టు కాదు. తిరిగి తీసుకుపోవాలి."

"నావల్ల ఆ పిల్లకేం సంతోషం మామ్మా? నేను దాన్ని ఎప్పుడూ చూడనైనా చూడలేదే!"

"నీ కేక కొండ దాకా వినిపిస్తుందటే. పండగ సాయంత్రం ఈ సుక్కితో సహా ఆ పిల్లలంతా రాతిమీద కూర్చుని నీ కేక విని పడిపడి నవ్వుతారట."

మంగతాయి మోకాళ్ళమీద కూలబడి పప్పు ఏరడం మొదలుపెట్టింది. ఆ పప్పు రావాలంటే మోరిపళ్ళు ఏరాలి, ఎండబెట్టాలి, ఒక్కొక్క గింజా రాతిమీద పెట్టి పగలగొట్టాలి. దొన్నెడు పప్పుకి ఆ చిన్న చేతులు ఎన్నాళ్ళు కష్టపడ్డాయో! "సుక్కీ, నా తల్లీ, ఒక్కసారి తల బయటపెట్టవే" అని బతిమాలింది. ఉండ విప్పుకోలేదు. లోపల్నించి చిన్నగా ఎక్కిళ్ళు వినబడ్డాయి.

ఇంతలో వాగు ఒడ్డున కూతురి కోసం కాచుకున్న తల్లి అలుగు వచ్చింది. గుమ్మంలో ఉండని చూసింది. చెదిరిన ముసుగు చూసింది. ఆవిడ కోప్పడలేదర్రా. కోప్పడినా బాగుండేది.

"దానికిదే మొదటి వేషమమ్మా. ముసుగు గట్టిగా కట్టుకో అని చెబుతూనే ఉన్నాను. జారిపోయినట్టుంది. ఏమనుకోకు, మీ గుమ్మం పాడైంది" అంది.

అప్పుడు మంగతాయి ఏమనాలి? "జారలేదమ్మా, నేనే లాగాను" అనాలి. మాట గొంతు దాకా వచ్చింది. చుట్టూ చూసింది. బుచ్చన్న చూస్తున్నాడు. పిల్లలు చూస్తున్నారు. అడవంతా మెచ్చుకునే మంగతాయి కదా, ఎలా ఒప్పుకుంటుంది?

"పర్లేదులే" అంది.

తల్లి అలుగు బురదలోని పప్పంతా ఏరి దొన్నెలో వేసుకుంది. ఉండని ఎత్తుకుంది. వెళ్ళిపోయింది. ఉండలో ఉన్నా సుక్కికి చెవులు వినిపిస్తాయి కదా. ఆ "పర్లేదులే" కూడా విన్నది.

ఆ మర్నాటి నుంచి మంగతాయికి తిండి సయించలేదు. కొండకి వెళ్దామని ఒకరోజు బయల్దేరింది. వాగు దాకా వెళ్ళి, నీళ్ళెక్కువగా ఉన్నాయనుకుని వచ్చేసింది. నీళ్ళు తగ్గాక మళ్ళీ వెళ్ళింది, ఎండెక్కువగా ఉందనుకుని వచ్చేసింది. ఇంకోసారి వాగు దాటి కొండ మొదలు దాకా వెళ్ళింది. అక్కడ అలుగు పిల్లలు ఆడుకుంటున్న మాటలు వినబడ్డాయి. ఇంక ఏ వంకా దొరకలేదు. వంక లేకుండానే పరిగెత్తుకొచ్చేసింది. సిగ్గు అలాంటిదర్రా, మొహం చెల్లదు.

ఏడాది తిరిగింది. వానలు వెళ్ళిపోయాయి. బుచ్చన్న మళ్ళీ అందర్నీ కూర్చోబెట్టాడు.

"చూశారా, ముసుగు తీసి చూడబట్టే కొండవాళ్ళ బెడద పోయింది. పోయినేడు మంగతాయి వదిన ఇంటి దగ్గర ఒక పిల్ల ముసుగు జారి దొరికిపోయింది కూడా!"

మంగతాయి లేచి నిలబడింది.

"జారలేదు బుచ్చన్నా. నేనే లాగాను. అది అడగడానికి రాలేదు, ఇవ్వడానికి వచ్చింది. వాళ్ళమ్మ తప్పు తనమీద వేసుకుంటే నేను పర్లేదులే అన్నాను. నా అంత సిగ్గులేనిది ఈ పల్లంలో లేదు."

ఎవరూ తలెత్తలేదు. వాళ్ళూ ఆ రోజు తమ తమ గుమ్మాల్లో పిల్లల ముసుగులు ఎత్తినవాళ్ళే కదా. బుచ్చన్న మాత్రం గొంతు సవరించుకుని "సరే, ఈ ఏడు ముసుగులు తీయొద్దులే" అని గొణిగాడు.

"అది ఆ పిల్లకేం ఒరగబెడుతుంది?" అంది మంగతాయి. ఆ రోజు సాయంత్రమే మామ్మ ఇంటికి వెళ్ళింది. "కొండకి వెళ్ళి క్షమించమని అడుగుతాను మామ్మా. ఈసారి మధ్యలోంచి తిరిగి రాను."

"వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడి ఏడిస్తే ఆ పిల్ల మళ్ళీ ఉండ చుట్టుకుంటుందే. వాళ్ళ పద్ధతిలో వెళ్ళు. ముసుగేసుకో. ఇచ్చి వచ్చెయ్."

మంగతాయి చెదపుట్ట తవ్వింది. పురుగులు చేతులెక్కి కుట్టాయి. ఆవిడకి పురుగంటే చచ్చేంత అసహ్యం. అయినా పళ్ళు బిగబట్టి ఏరి, మోదుగాకుల్లో మూటకట్టింది. ఎండుగడ్డితో ఎలుగు ముసుగు అల్లుకుంది. పండగ సాయంత్రం పల్లంలో పిల్లలు ఆవిడ తలుపు తట్టి తట్టి వెళ్ళిపోయారు. ఆ ఏడు కేక వినబడలేదు.

మంగతాయి కొండెక్కి అలుగుల గుహ ముందు రాతిమీద తట్టింది. సుక్కి వచ్చింది. కాస్త పొడుగైంది. మంగతాయి తల వంచుకుని చేతులు చాపింది. సుక్కి ఆ మూట అందుకుంది. తర్వాత ఏం చేసిందో తెలుసా? గోడవైపు తిరిగి నిలబడింది. కొండమీద పద్ధతి అది. ఇచ్చినవాళ్ళు కొండ దిగేదాకా ఇంట్లోవాళ్ళు అటు చూడకూడదు.

మంగతాయికి ముసుగు తీసేసి ఆ పిల్ల కాళ్ళమీద పడాలనిపించింది. చెయ్యి ముసుగు దాకా వెళ్ళింది. తీస్తే? మొహం కనబడుతుంది. ఇచ్చింది ఇచ్చినట్టు కాదు. క్షమించమని అడగడానికి కూడా వీల్లేదు ఆవిడకి. చెయ్యి దించేసుకుని వెనక్కి తిరిగింది.

నాలుగడుగులు వేసిందో లేదో, వెనక సుక్కి గొంతు వినబడింది.

"అమ్మా, ఈ ఎలుగుకి చెవులు అంత పొడుగున్నాయేంటే?"

గడ్డి ముసుగులోంచి మంగతాయి చెవులు రెండూ పైకి నిక్కి ఉన్నాయి మరి. ఆవిడ అక్కడే బిగుసుకుపోయింది. ఈ అడవిలో అంతేసి చెవులు ఎవరివో తెలియనిదెవరికి?

"ష్, అటు చూడకు తల్లీ," అంది వాళ్ళమ్మ. "ముసుగేసుకుని వచ్చినవాళ్ళని ఎవరని అడగకూడదు."

నీతి: తలుపు తట్టిన ప్రతివాళ్ళూ మన దగ్గర తీసుకుపోవడానికే వచ్చారనుకోకూడదు. ఒకరి ముసుగు లాగితే ముందుగా బయటపడేది మన మొహమే.