కీ బట్టీ పట్టిన కోడిపిల్ల

అడవి అంచున చింతతోపులో ఒక హైస్కూలు ఉండేది. గేటు లోపల ఎవరూ ఎవర్నీ తినకూడదన్నది అక్కడి కట్టుబాటు. పదో తరగతి అయిపోగానే హెడ్మాస్టారు బసవయ్య ఎద్దు, పిల్లలకి ఆసక్తుల పరీక్ష పెట్టేవాడు. ఎవరికి ఏ పని మీద మనసుందో తేలాక, ఆ పని తెలిసినవాళ్లింట్లో ఏడాది ఉండి నేర్చుకోవాలి.

ఈ సంగతి విన్న దగ్గర్నుంచీ నూకాలమ్మ కోడికి కంటిమీద కునుకు లేదు. ఒక్కగానొక్క కూతురు చిట్టెమ్మకి సింహంగారి కొలువే రావాలి. ఇంకేదొచ్చినా ఆవిడ పరువు పోయినట్టే!

ఆ ఆత్రం కనిపెట్టి గవర్రాజు నక్క దడి పక్కకి చేరాడు.

"వదినా, కొలువొచ్చే కీ నా దగ్గరుంది. ఒకటి బి, రెండు డి, మూడు బి, నాలుగు ఎ. ఈ నాలుగూ టిక్కు పెడితే చాలు."

"నిజంగానా అన్నయ్యా! దీనికి నీకేమివ్వాలి?"

"మన పిల్ల దగ్గర తీసుకుంటానా? ఛ!"

నక్క ఊరికే ఇస్తున్నాడంటే ఎందుకిస్తున్నాడని అడగాలా వద్దా? అడగలేదు మన నూకాలమ్మ. పరుగున పోయి కూతురిచేత బట్టీ పట్టించింది.

"అమ్మా, అసలు ప్రశ్నలేంటో చదవొద్దా?"

"చదువుతూ కూర్చుంటే టైమైపోతుందే! కళ్లు మూసుకుని టిక్కు పెట్టి రా."

పిల్ల అలాగే చేసింది. మర్నాడు పొద్దున్నే పిల్లలూ పెద్దలూ బడి ముందు చేరారు. బసవయ్య మాస్టారు చిట్టెమ్మ కాగితం తీశాడు. ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. నెమరు ఆగిపోయింది.

"చీకట్లో ఒంటరిగా తిరగడం ఇష్టం. చప్పుడు కాకుండా గూళ్లలో దూరడం ఇష్టం. అబద్ధమాడడం ఇష్టం. అన్నిటికన్నా ఇష్టమైన తిండి..." మాస్టారు ఇంకోసారి కాగితం కేసి చూశాడు. "కోడిమాంసం."

ఎక్కడివాళ్లక్కడ కొయ్యబారిపోయారు. మేకమ్మ తన పిల్లని వెనక్కి లాక్కుంది.

"అయ్యో అయ్యో, ఇదేం మాటండీ!" అంది నూకాలమ్మ.

"కాగితం చెప్పిందే చదివానమ్మా. దీనికి తగిన పని వేట. నేర్పేవాడు గవర్రాజు."

అప్పటికే నక్క చిట్టెమ్మ భుజం మీద చెయ్యేశాడు. "రా తల్లీ, పోదాం. గేటు దాటితే మా ఇల్లు ఎంతో దూరం లేదు."

గేటు దాటితే! నూకాలమ్మకి అప్పుడు వెలిగింది. నిజం చెబితే ఊరంతా నవ్వుతుంది, చెప్పకపోతే పిల్ల దక్కదు. ఒక్క గెంతున పోయి నక్కకి అడ్డం పడింది.

"ఆ జవాబులు నా బిడ్డవి కావు మాస్టారూ! వీడిచ్చిన కీ నేనే బట్టీ పట్టించాను. ఆ ఇష్టాలన్నీ వీడివే!"

బసవయ్య మాస్టారు కొమ్ములు దించాడు. నక్క చెయ్యి తీసి, తోక ముడిచి, గేటు వైపు కాదు, దొరికిన కంతలోంచి దూరి పారిపోయాడు. మళ్లీ ఆ తోపు ఛాయలకి రాలేదు.

"ఇంకో కాగితం ఇస్తున్నాను. నువ్వు బయట నించో నూకాలమ్మా," అన్నాడు మాస్టారు.

ఈసారి చిట్టెమ్మ ప్రతి ప్రశ్నా చదువుకుని, తీరిగ్గా రాసింది. మాస్టారు పైకి చదివాడు. "దెబ్బ తగిలినవాళ్లకి ఆకుపసరు రాయడం ఇష్టం. ఏ ఆకు దేనికి పనికొస్తుందో తెలుసుకోవడం ఇష్టం. ఈ పిల్ల వైద్యం నేర్చుకోవాలి. కుందేలు వైద్యుడింటికి పంపండి."

నూకాలమ్మ నోరు తెరిచింది. "ఇదెప్పట్నుంచే? నా కడుపున పుట్టినదానివి, నాకే తెలీదే!"

"నువ్వెప్పుడడిగావమ్మా?" అంది చిట్టెమ్మ.

నీతి: బిడ్డ మనసులో ఏముందో బిడ్డనే అడగాలి, పరాయివాడి జవాబులు రాయిస్తే బిడ్డ పరాయివాడి చేతిలో పడుతుంది.