సుంకమ్మవ్వ కెలికిన సంగటి

ఓబులేసుకు సుంకమ్మవ్వ మీద కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, ఏడుపు కలిసిన కోపం. అవ్వ ఎడమకాలి బొటనవేలి మీద పుండు లేచి రెండు నెలలైంది. ఎంతకీ మానడం లేదు. చక్కెర దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని పట్నం డాక్టరు చెప్పి పంపాడు. అవ్వేమో మూడు పూటలా తెల్లటి వరన్నమే తింటోంది, అదీ కంచం నిండా.

అడిగితే, "మాత్రలు మింగుతాండా కదప్పా" అంటుంది.

బండెప్ప తాత మఠం అనంతపురం వైపు ఒక రాతిగుట్ట మీద ఉంది. మఠం అనగానే ఏదో గొప్పగా ఊహించుకునేరు! రెండు గదులు, ఒక వంటిల్లు, ముందర బండలు పరిచిన వసారా, అంతే. తాతకు శిష్యులు చాలామందే ఉన్నా, అక్కడే ఉండిపోయినవాడు ఓబులేసు ఒక్కడే. ఆహారం గురించి పెద్ద చదువు చదివి, ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, అన్నీ వదిలేసి ఐదేళ్ళ కిందట గుట్ట ఎక్కాడు. ఎక్కిన మూడో రోజే చలిజ్వరం పట్టుకుంది.

గుట్ట కింద ఇంట్లో ఉండే సుంకమ్మవ్వ రోజూ పైకొచ్చి మఠం ఊడ్చిపోయేది. వణుకుతున్న మనిషిని చూసి చీపురు పక్కన పడేసింది. వాడి తల ఒళ్ళో పెట్టుకుని, మెత్తగా వండిన వరన్నంలో మజ్జిగ పోసి పిసికి, తొమ్మిది రోజులు తినిపించింది. ఆ చేతి ముద్ద తిని లేచినవాడు ఓబులేసు. అందుకే ఆ వేలంటే వాడికంత బెంగ.

ఆ బెంగలో వాడొక అట్ట తెచ్చి, నాలుగు రంగుల్లో రాశాడు. ఇటువైపు మన పెద్దల తిండి, అటువైపు ఇప్పటి తిండి. రాగులు, కొర్రలు, ఉలవలు, ఆకుకూరలు ఇటు. పాలిష్ పట్టిన బియ్యం, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, బజ్జీలు అటు. దాన్ని అవ్వ ఇంటి గోడకు తనే మేకు కొట్టి తగిలించి, ముప్పావు గంట ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. పీచు ఏం చేస్తుందో చెప్పాడు, తెల్లన్నం చక్కెరను ఎంత తొందరగా పెంచుతుందో చెప్పాడు. అవ్వ పాపం నవ్వుతూనే వింది. చివర్లో వాడు గొంతు సవరించుకుని, "మీ అమ్మ తిన్న తిండికి మారిపో అవ్వా. ఆమెకు ఉందా ఈ చక్కెర జబ్బు? చెప్పు" అన్నాడు.

అవ్వ మొహం మాడిపోయింది.

"మా యమ్మకు అంత వయసు యాడ వచ్చిందిరా?" అంది. "ముప్పై ఎనిమిదికే పాయ. పెద్దింట్లో వడ్లు దంచి దంచి పాయ. ఆ బియ్యం ఆ ఇంటోళ్ళు తినిరి. మాకేమో రాగిసంగటి. జొరమొస్తేనే మాకు వరన్నం. జొరం రావాలని పిల్లోళ్ళమంతా దేవునికి మొక్కుకునేవాళ్ళం, తెలుసునా నీకి? ఇప్పుడు జొరం లేకుండానే దొరుకుతాంది. దాన్ని గుంజుకుంటావా?"

"గుంజుకోవడం కాదవ్వా..."

"మా యమ్మ ఏం తినిందో రాసినావే. యాడ కూచోని తినిందో గూడా రాయి! పెద్దింటి గొడ్ల కొట్టంలో, పేడ పక్కన, సత్తు గిన్నె పట్టుకోని తినింది. తీసుకోని పో నీ అట్ట."

ఓబులేసు అట్ట చంకలో పెట్టుకుని గుట్ట ఎక్కాడు. వసారాలో ఈతచాప మీద కూర్చుని తాత తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. ఆ చాప మీద తాత తప్ప ఇంకెవరూ కూర్చోరు. అలాగని ఎవరూ నియమం పెట్టలేదు. ఎవరికీ ధైర్యం చాలలేదు, అంతే.

వాడు జరిగిందంతా చెప్పాడు. మొండి ముసలిది అన్నాడు, ఎంత చెప్పినా చెవికెక్కదు అన్నాడు. అట్ట తీసి తాత ముందు పెట్టాడు. "ముందు వేలు, తర్వాత పాదం తాతా. నువ్వొక్క మాట చెప్పు. నీ మాట దాటదు."

తాత దారం పళ్ళతో కొరికి, అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగానే రాసినావు. తప్పేం లేదు. సంగటి చేయను వచ్చునా నీకి?"

ఓబులేసు నీళ్ళు నమిలాడు. ఐదేళ్ళుగా వాడు తినేది పాకెట్లలో వచ్చే కొర్ర ఉప్మా, రాగి అటుకులు. సంగటి గురించి నలభై పేజీలు రాయమంటే రాస్తాడు గానీ, చేత్తో కెలికింది ఒక్కనాడూ లేదు. అయినా చదువుకున్నవాడు కదా, రాదని ఎలా అంటాడు?

"వస్తుంది తాతా."

"అయితే రేపట్నుంచి నాకదే పెట్టు."

మొదటి రోజు సంగటి ఉండలు కట్టింది. ఉండ చిదిమితే లోపల పొడిపిండి. రెండో రోజు జారిపోయి అంబలైంది. మూడో రోజు అడుగంటి, మఠమంతా మాడు వాసన. తాత దేనికీ వంక పెట్టలేదు. పిండి గొంతుకు అడ్డం పడితే దగ్గి, రెండు గుక్కల నీళ్ళు తాగి, మళ్ళీ కంచంలో చెయ్యి పెట్టాడు. ఓబులేసుకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"అన్నం వండుతా తాతా, ఈ పూటకు."

"వద్దు. ఇదే బాగుంది."

కాలినొప్పితో ఆ మూడు రోజులూ అవ్వ పైకి రాలేదు. నాలుగో రోజు పొద్దున, వేలికి గుడ్డ చుట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే తాత కంచంలోకి చూసింది.

"ఇదేంది?"

"సంగటి" అన్నాడు తాత, దవడ కదిలించడానికి తంటాలు పడుతూ.

"సంగటా! ఎవురు చేసిరి?"

ఓబులేసు వంటింటి గుమ్మం వెనక్కి జరిగాడు. అవ్వ వాడిని చూసింది, కంచాన్ని చూసింది, ఎండిపోయిన తాత మొహం చూసింది.

"నీ చేతులు పడిపోనూ! గోడ మీద రంగులేసి మరీ చెప్తివి కదరా. డెబ్బై ఏండ్ల మనిషికి పెట్టే కూడేనా ఇది? మా యమ్మ చూసిందంటే కట్టె తిరగేసేది. లే, పక్కకు లే."

పొయ్యి ముందర పీట వేసుకుని కూర్చుంది. పిడికెడు నూకలు ఉడకనిచ్చింది. నడుమ పిండి గుట్టగా పోయించింది. వాడు ఆత్రంగా కెలికే కట్టె పెట్టబోతే చెయ్యి మీద ఒకటి వేసింది. "ఆగప్పా, ఏం తొందర? మూత పెట్టు. ఆవిరి పిండిని పొడుచుకోని పైకి రావాల. అప్పుడు దించాల."

కుండ దించాక అవ్వ అలవాటుగా రెండు పాదాలూ ముందుకు చాపింది. కుండను పాదాలతో అదిమి పట్టుకుని కెలకడం వాళ్ళ పద్ధతి. గుడ్డ చుట్టిన వేలు కుండకు తగలగానే అబ్బా అని వెనక్కి తీసుకుంది.

ఓబులేసు తడిగుడ్డ చుట్టి రెండు చేతులతో కుండ పట్టుకున్నాడు. "నేను పట్టుకుంటా. నువ్వు కెలుకవ్వా."

అవ్వ కెలికింది. కట్టె తిరిగే కొద్దీ ఆమె మాటా ఊపందుకుంది. "మా యమ్మ ముద్ద చేస్తే ఎంత నున్నగుండేదనుకున్నావు! పెద్దింటి కోడలు దొంగగా పెరట్లోకి వచ్చి, ఒక్క ముద్ద పెట్టు లచ్చుమక్కా అని అడుక్కోని తినేది. వాళ్ళత్త చూస్తే పరువు పోతాదంట!" అని పకపకా నవ్వింది. కట్టెకు అంటిన పిండిని వేలితో తుడిచి కుండలో వేసింది. "చేతిలో అంత పనితనం ఉండె మా యమ్మకు" అంది మెల్లగా.

వాడు కుండ కదలకుండా పట్టుకుని విన్నాడు. అన్నేళ్ళ చదువులో ఎప్పుడూ ఇంత శ్రద్ధగా విన్నది లేదు. పీచు గురించి ఒక్క మాటైనా అనలేదు.

పుల్లటి ఆకుకూర ఉడికించి మెదిపిన పుల్లగూర అయింది. శెనక్కాయలు వేయించి నూరిన ఊరిబిండి అయింది. ఓబులేసు తాత ముందు మోదుగాకు విస్తరి వేశాడు. తిరిగి వంటింట్లోకి వచ్చేసరికి అవ్వ చిన్న ముద్దొకటి సత్తు గిన్నెలో పెట్టుకుని, కుంటుతూ పెరటి గడప వైపు పోతోంది. వాసనకు ఆగలేకపోయినట్టుంది పాపం.

ఆ గిన్నె చూసి వాడు ఆగిపోయాడు. అవ్వ అరిచిన మాట గుర్తొచ్చింది. ఇంకో విస్తరి చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చి నిలబడ్డాడు.

"తాతా, అవ్వకు యాడ వెయ్యాల?"

తాత పక్కకు జరిగాడు. ఈతచాప సగం ఖాళీ అయింది. ఆ ఖాళీని అరచేత్తో తట్టాడు.

"ఈడ."

"అయ్యో, నీ చాప మీదనా! నేనా! వద్దు సామీ" అని అవ్వ గడప దగ్గరే బిగుసుకుపోయింది.

"నాకు ఆకలైతాంది సుంకమ్మా. నువ్వు కూచుంటేనే నేను తినేది."

అవ్వ కొంగు సర్దుకుని, చాప అంచున కూర్చుంది. ఓబులేసు ఆమె ముందు విస్తరి వేసి, ఇద్దరికీ వడ్డించాడు. తాత తన విస్తరిలోంచి మొదటి ముద్ద తుంచి ఆమె విస్తరిలో పెట్టాడు. ఆమె దాన్ని ఊరిబిండిలో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి.

"మా యమ్మ చెయ్యే" అంది.

తాత తింటున్నాడు. ముద్దను సగం ఖాళీ చేశాక అవ్వ తలెత్తి ఓబులేసు వైపు చూసింది.

"రోజూ ఇదే తింటాలే. కానీ జొరమొస్తే మాత్రం నాకు వరన్నమే పెట్టాల. ఒప్పుకుంటావా?"

"నేనే పిసికి తినిపిస్తా అవ్వా" అందామనుకున్నాడు ఓబులేసు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. తల మాత్రం ఊపాడు.

"ఏడ్చింది చాల్లే గానీ, ఆ పుల్లగూర ఇంకొంచెం వెయ్యప్పా" అంది అవ్వ. "ఆకుకూరలు ఎక్కువ తినాలని అట్టలో రాసినావు కదా."