అద్దాల అంగడి ముందు జెముడు

1974 జూలై 9, మంగళవారం. తెల్లవారుజామున నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి. పదింటికల్లా ఎండ కాసింది. గాలి లేదు. ఒళ్లంతా జిగురుగా ఉక్క పోసింది. ఆ రోజు వచ్చిన అద్దాల అంగడి యజమాని, వాకిట్లో తొట్టిలో ఉన్న జెముడు మొక్క తెల్లబడి ఉండటం చూశాడు.

అది మోకాలికి పైన, నడుముకు కింద ఉండే మొక్క. నిలువునా గాడులు, గాడి గట్ల మీద ముళ్లు. ఇరవై రెండేళ్లుగా దాని ఉద్యోగం ఒకటే. వచ్చేపోయేవాళ్ల చూపు అద్దాల మీద పడకముందే తన మీద పడనివ్వటం. అద్దం సున్నితమైన సరుకు. ఎవరైనా ఆగి "అబ్బ, ఎంత బాగుందో" అంటే చాలు, చీలిపోతుందని యజమాని నమ్మకం. జెముడు పెట్టిన దగ్గర్నుంచి తన అంగట్లో ఒక్క అద్దమూ పగలలేదని అందరికీ చెప్పేవాడు.

జెముడు ముల్లు నిజానికి ఆకేనని మా కాలేజీలో వృక్షశాస్త్రం మేష్టారు చెప్పేవారు. భయపడిన ఆకు ముల్లవుతుందని నేను రాసుకున్నాను. భయపడటం అన్నది ఆయన మాట కాదు, నాదే. పరీక్షలో అలాగే రాస్తే సున్నా వేశారు. అది వదిలేద్దాం.

అంగట్లో ఒక నియమం ఉండేది. దిష్టి మింగిన మొక్కను ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అది మింగినదంతా ముట్టుకున్నవాళ్లకు ఎక్కుతుంది. యజమాని నీళ్లు కూడా గుమ్మంలో నిలబడి చెంబుతో విసిరేవాడు. కొన్ని మొక్కమీద పడేవి, కొన్ని దారినపోయేవాళ్ల మీద పడేవి. ఇరవై రెండేళ్లలో దాన్ని ఒక్క మనిషి చెయ్యీ తాకలేదు.

ఆ తెలుపు దూది పింజల్లాగా గాడుల్లో అతుక్కుని ఉంది. పత్తి రైతు ఎవరైనా చూసి ఉంటే పిండినల్లి అని ఒక్క మాటలో చెప్పేవాడు. చూడటానికి పిండి, పని చూస్తే నల్లి. కదలకుండా కూర్చుని రసం పీలుస్తుంది. కానీ అద్దాల అంగడికి పత్తి రైతు ఎందుకు వస్తాడు?

అంగట్లో అద్దాలు తుడిచే ఆమె ఒకతె ఉండేది. యజమాని తండ్రి కాలం నుంచి, ముప్ఫై ఏళ్లుగా అదే పని. యజమాని ఆమెను అక్కా అనేవాడు.

"అక్కా, చూశావా? నిండిపోయింది. మింగిన దిష్టంతా పైకి పొంగుతోంది."

"దిష్టి కాదు బాబూ. పురుగు పట్టింది."

"పురుగైతే కదలదూ?"

"కూర్చున్నచోట తిండి దొరుకుతుంటే ఎవరు కదులుతారు?"

"వేళాకోళం ఆడకు. దాని జోలికి వెళ్లకు. అది పడిపోయిన రోజున ఈ అంగడికి తాళం వేసి మా చెల్లెలి ఊరు పోతాను. పగిలే సరుకు మధ్య కాపలా లేకుండా నేను కూర్చోలేను."

ఆమె తుడుపుగుడ్డ అందుకుంది. ఆమెకు వేరే పని రాదు. ఒకరింట్లో అంట్లు తోమడానికి నడుము వంగదు. అద్దం ముందు నిలబడి తుడవటం మాత్రం చేతనవును. తాళం పడితే ఆమెకు పొయ్యి వెలగదు.

సాయంత్రం యజమాని ధూపం మనిషిని పిలిపించాడు. అతను నిప్పుల సట్టితో మొక్క చుట్టూ మూడుసార్లు తిరిగి, సాంబ్రాణి పొగలో కళ్లు మూసుకున్నాడు.

"ఆకలి మీద ఉందండీ. మంగళవారం మంగళవారం పాలు పోయించండి."

"నీళ్లు చాలవా?"

"నీళ్లతో శాంతించేవాళ్లను మీరెక్కడైనా చూశారా?" అన్నాడు ధూపం మనిషి. వెళ్తూ వెళ్తూ ఒక గ్లాసు పాలు తనూ తాగాడు.

మొదటి మంగళవారం పాలు పోశారు. మర్నాటికి చీమలు బారు కట్టాయి. పాలు అయిపోయాక పైకెక్కి పిండినల్లుల వెనక నిలబడ్డాయి. పిండినల్లి వదిలే తియ్యటి జిగురంటే చీమకు ప్రాణం. దాని కోసం ఎంత కాపలా అయినా కాస్తుంది.

"మనల్ని ఎవరైనా తుడిచేస్తే?" అని చిన్న పిండినల్లి అడిగింది.

"ఎవరు తుడుస్తారు? మనం దిష్టి అట. దిష్టికి భయపడని ఇల్లు ఈ వీధిలో లేదు" అంది పెద్దది.

"మేం కూడా ఉన్నాంగా" అన్నాయి చీమలు, పళ్లెం పట్టినవాళ్లలాగా ముందుకు వంగి.

రెండో మంగళవారం నాటికి మట్టి పులిసి వాసన కొట్టింది. మూడో మంగళవారం మొక్క తల పసుపు పచ్చగా మారి రోడ్డు వైపు ఒరిగింది. యజమాని చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి, తాళం కప్పను బల్లమీద పెట్టాడు.

"రేపటితో సరి, అక్కా" అని చెప్పి మధ్యాహ్నం భోజనానికి వెళ్లాడు.

అద్దం మీద జిడ్డు పోవటానికి అంగట్లో స్పిరిట్ సీసా ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా అది ఆమె చేతి పక్కనే ఉంది. ఆమె చీపురుపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, మొక్క ముందు పీట వేసుకుని కూర్చుంది. ఒక్కో పిండినల్లిని పుల్లతో తాకింది. తాకగానే తెల్లటి పూత కరిగి, లోపల ఉన్న చిన్న పురుగు బయటపడింది. అంత తెలుపు కింద ఉన్నది అంతే.

పై గాడులు అయ్యాక తొట్టిని నీడకు జరపబోయింది. అంతలో భోజనం ముగించుకుని యజమాని వాకిట్లోకి వచ్చాడు.

"అక్కా!"

ఆ కేకకు ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. గుమ్మం పక్క గోడకు చేరవేసిన అద్దానికి ఆమె తుంటి తగిలింది. అద్దం పక్కకు జారి, నేలమీద పడి రెండు ముక్కలైంది.

యజమాని గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "చూశావా? ముట్టుకున్నావు, పగిలింది. ఇరవై రెండేళ్లలో మొదటిది!"

ఆమె దూదిని సీసా మూతమీద పెట్టింది.

"మొదటిది కాదు బాబూ."

"ఏమిటీ?"

"నెలకొకటి పగిలేది. గాలికి ఒకటి, పిల్లికి ఒకటి, నా చెయ్యి జారి ఒకటి. నువ్వు పదింటికి వస్తావు. నేను ఏడింటికే వస్తాను."

"ముక్కలేం చేశావు?"

"కోసి, అంచు అరగదీసి, చేతి అద్దాలు చేశాను. నువ్వే అమ్మావుగా, మా అంగట్లో ఒక్కటీ పగలదని చెప్పి చెప్పి."

యజమాని మెట్టుమీద కూర్చున్నాడు. ముందు కోపం వచ్చింది. కోపం నోటిదాకా వచ్చేసరికి నవ్వయింది. ఇరవై రెండేళ్లుగా ఏది జరుగుతుందని భయపడ్డాడో అది ఇరవై రెండేళ్లుగా జరుగుతూనే ఉంది. అంగడీ ఉంది, తానూ ఉన్నాడు. అంత ఉక్కలోనూ ఆయనకు చొక్కా వదులైనట్లు అనిపించింది.

"ఇంకో పుల్ల ఉందా?" అని అడిగాడు.

మొదటి గాడిలోనే ఆయనకు ముల్లు గుచ్చుకుంది. వేలిమీద నెత్తురు బొట్టు చూస్తూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"ఏమీ కాలేదే!"

"ముల్లు గుచ్చుకుందిగా బాబూ. అయ్యేది అదే."

ఇద్దరూ కలిసి పులిసిన మట్టి తీసి, పొడి ఇసుక కలిపిన మట్టి నింపారు. తొట్టిని నీళ్ల పళ్లెం మధ్య ఇటుక మీద నిలబెట్టారు. నెయ్యి గిన్నెకు చీమలు పట్టకుండా ఇళ్లలో చేసే పనే అది. చీమలు రెండు రోజులు గట్టున తిరిగి మరో ఉద్యోగం వెతుక్కున్నాయి. పిండినల్లి నాలుగైదు సార్లు తిరిగి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పుల్ల తీసుకునేవారు. కార్తీకమాసం నాటికి పసుపు తల పక్కనుంచి ఆకుపచ్చటి పిలక పుట్టింది. యజమాని దాన్ని రోజుకోసారి వేలితో తాకి చూసేవాడు. తాళం కప్ప తాళంచెవి ఎక్కడ పెట్టాడో తర్వాత ఆయనకే గుర్తు లేదు.

ఆ తర్వాత ఆయన పదకొండేళ్లు బతికాడు. అద్దాలు పగిలినప్పుడు పగిలాయి. జ్వరం వచ్చి మూడు రోజుల్లో, ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్లిపోయాడు. పెద్దకర్మ అయ్యాక అంగట్లో అందరి ముందూ వీలునామా కాగితం చదివారు.

ఇల్లు చెల్లెలికి. నిలువుటద్దం ఎదురింటి మంగలికి. ఆ అంగడి ఎంతో కలిసివచ్చేదని, తనకే ఇమ్మని అడుగుతూ వచ్చిన మేనల్లుడికి జెముడు మొక్క, వారానికోసారి చేత్తో తుడవాలన్న షరతుతో. అతను దాన్ని రిక్షాలో తీసుకుపోయాడు. ఒళ్లో పెట్టుకోక తప్పలేదు. అంగడి, సరుకుతో సహా, తుడిచే ఆమెకు.

వాకిట్లో మొక్క ఖాళీ చేసిన చోట ఆమె కుర్చీ వేసుకుని, వచ్చేవాళ్లవైపు ముఖం పెట్టి కూర్చుంది.

ధూపం మనిషికి ఏమీ రాలేదు. అతను అంగట్లోంచి బయటికి వస్తూ ఆ కుర్చీ వైపు చూశాడు. పంచె అంచు దగ్గరకు లాక్కుని, ఆమెకు తగలకుండా చాలా దూరంగా నడిచి వెళ్లాడు.