ఎక్కిళ్ళ కుక్కపిల్ల

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవంటే, ఒక మూల వాన మొదలైతే ఆ కబురు రెండో మూలకి చేరేసరికి ఎండాకాలం వచ్చేసేది. నమ్మకపోతే వెళ్ళి కొలుచుకురండి!

ఆ అడవిలో గవరమ్మ అనే ముసలి కొండముచ్చు ఉండేది. అది పొద్దున చెట్టెక్కితే దాని తోక మాపటికి ఎక్కేది. అంత పొడుగు!

గవరమ్మకి పైడమ్మ అని ఒక చెల్లెలు. ఒకనాడు పైడమ్మకి అడవి అంచున ఒక బొమ్మ దొరికింది. పట్నం పిల్లలెవరో మరిచిపోయిన రోబో కుక్కపిల్ల. వీపు నిమిరితే తోకాడించేది. "భౌ భౌ" అనేది. పైడమ్మ దాన్ని చంకనేసుకుని కొమ్మ మీంచి దూకుతూ జారవిడిచింది. అప్పట్నుంచి దాని అరుపు మారిపోయింది.

"భౌ... హిక్!"

"చూడవే అప్పా, దీనికి ఎక్కిళ్ళు! ఎవరో తలుచుకుంటున్నారు!" అని పైడమ్మ పడీ పడీ నవ్వేది. అది నవ్వితే మూడు కొండల అవతల మామిడికాయలు రాలేవి.

ఆ ఏడు వరదలో పైడమ్మ కొట్టుకుపోయింది.

"చెల్లి గుర్తు ఇదొక్కటే. వాడితే అరిగిపోతుంది" అనుకుంది గవరమ్మ. బొమ్మని మోదుగాకుల్లో చుట్టి చెట్టుతొర్రలో దాచేసింది. మనవలు అడిగితే, "ముట్టుకున్నారంటే తోకలు కత్తిరిస్తాను!" అని కసిరేది.

మళ్ళీ వానలొచ్చాయి. ఏరు హోరెత్తింది. గవరమ్మకి ఆ ఎక్కిళ్ళు వినాలని ప్రాణం కొట్టుకుంది. ఆకులు విప్పి వీపు నిమిరింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పరుగున ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళింది.

"చచ్చిన బొమ్మకి వైద్యమా పిన్నీ? పారేసి, కాస్త తేనె తాగి పడుకో" అంది ఎలుగుబంటి.

కోతి దగ్గరికి వెళ్ళింది.

"లోపలిదంతా పీకేసి కొత్త గొంతు పెడతానత్తా. కోయిలలా పాడుతుంది. ఎక్కిళ్ళూ గిక్కిళ్ళూ ఉండవు" అంది కోతి.

"ఆ ఎక్కిళ్ళ కోసమే కదరా నా ఏడుపు!" అంది గవరమ్మ.

చివరికి ముళ్ళపంది దగ్గరికి వెళ్ళింది. దాని వీపు మీద ఆకాశంలో చుక్కలకన్నా నాలుగు ముళ్ళు ఎక్కువే. ముళ్ళపంది అందులోంచి ఒకటి పీకి, మరలు తిప్పి, బొమ్మ పొట్ట తెరిచింది. లోపలంతా పచ్చటి చిలుం!

"ఎన్నాళ్ళు మూలన పెట్టావక్కా?"

"భద్రంగా పెట్టాను తమ్ముడూ. ఈగనైనా వాలనివ్వలేదు."

"అదే కొంప ముంచింది. వాడకుండా పడుంటే బ్యాటరీ కారిపోతుంది. నీ భద్రమే దీన్ని తినేసింది."

గవరమ్మ ముళ్ళపంది చెయ్యి పట్టుకుంది. "బతుకుతుందా?"

ముళ్ళపంది నిమ్మరసంతో చిలుం కడిగింది. ఆరబెట్టింది. ఓ పాత బొమ్మకారులోని బ్యాటరీ తెచ్చి వేసింది. గవరమ్మ దాని వీపు నిమిరింది.

"భౌ..."

గవరమ్మ బొమ్మకి చెవి ఆనించింది.

"హిక్!"

గవరమ్మ ఏడ్చిన ఏడుపుకి ఏరు ఇంకో జానెడు పొంగింది.

"మళ్ళీ దాచావో, ఇక నా వల్ల కాదు. రోజూ ఆడనివ్వు. ఏది విరిగినా తీసుకురా" అంది ముళ్ళపంది.

ఇంటికి రాగానే గవరమ్మ చెయ్యి అలవాటుగా తొర్రలోకే పోయింది. కొమ్మ చాటునుంచి మనవలు ఆశగా చూస్తున్నారు. వాళ్ళు విరగ్గొడితే? చెల్లి గుర్తు మరి మిగలదే! తొర్రలోని ఎండిన మోదుగాకులు చేతికి తగిలాయి. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రండర్రా" అంది.

వాళ్ళు ఊరుకుంటారా! ముందు బొమ్మ కాలు విరిగింది. ముళ్ళపంది వెదురు కాలు పెట్టింది. తర్వాత కన్ను ఊడింది. చింతగింజ పెట్టింది. తోక కూడా ఊడితే తాటినారతో అల్లింది. ఎక్కిళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

ఓ ముసురు రోజున, పైడమ్మని ఎన్నడూ చూడని బుల్లి మనవరాలు దాని వీపు నిమిరింది.

"భౌ... హిక్!"

"అవ్వా! దీనికి ఎక్కిళ్ళొస్తున్నాయి. ఎవరు తలుచుకుంటున్నారే?"

గవరమ్మ ఏటి వైపు చూసింది.

"మీ చిన్నవ్వ తల్లీ" అంది. "ఏదీ, ఇంకోసారి నిమురు."

నీతి: ప్రేమగా దాచినా చిలుం పట్టక మానదు, నలుగురిలో ఆడనిచ్చి, విరిగినప్పుడల్లా బాగుచేసుకుంటేనే జ్ఞాపకం బతుకుతుంది.