పిలుపుబండ అమ్మవారు

ఎర్రకోన అభయారణ్యానికి వచ్చే యాత్రికులు చెక్‌పోస్టు వద్ద జీపు ఎక్కి, నల్లమద్ది చెట్ల నీడన మట్టిదారిలో కొంతదూరం పోగానే ఎడమవైపు ఒక మడుగు కనిపిస్తుంది. నడివేసవిలో కూడా ఎండని మడుగు ఈ అడవిలో అదొక్కటే. దాని పైన గుట్ట మీద చదునైన బండ, బండ పక్కన అరుగంత గుడి. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ఇంతదూరం వచ్చింది దీనికోసమా అని కొత్తవారు ముఖం చిన్నబుచ్చుకోవడం మామూలే. వారి కోసమే ఈ నాలుగు మాటలు. మా చిన్నతనంలో జీపులు లేవు, సద్దిమూట భుజాన వేసుకుని నడిచి వచ్చేవాళ్లం. దారి పొడవునా మేతకు వచ్చిన మందలు ఎదురయ్యేవి. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ మనసు అదోలా అయిపోతుంది.

పూర్వం ఇక్కడ ఈదన్న అనే గొల్ల, అతని భార్య సుంకమ్మ ఉండేవారు. వానలు ముఖం చాటేసిన ఒక ఏడాది ఊళ్లో గడ్డిపోచ దొరకక, మందనంతా తోలుకొచ్చి ఈ మడుగు దగ్గర దొడ్డి కట్టుకున్నారు. గంట చప్పుడుకు పులి దూరంగా పోతుందని ఆ కాలపు కాపరుల నమ్మకం. అందరూ మందను నడిపే ఆవు ఒక్కదానికే గంట కట్టేవారు. ఈదన్న మరీ జాగ్రత్తపరుడు. లేగదూడలతో సహా ప్రతి పశువు మెడలోనూ గంట కట్టేశాడు. పొద్దంతా మంద మడుగు చుట్టూనే తిరిగేది, రాత్రి ఆ గట్టునే దొడ్డిలో ఉండేది. ఆ మోతకు అడవి దద్దరిల్లుతుంటే ఆయన నిశ్చింతగా కునుకు తీసేవాడు.

కొన్నాళ్లకు పులి సరాసరి మంద మీదే పడి ఒక లేగను ఎత్తుకుపోయింది. అప్పుడు ఈదన్న చేసిన పనేమిటంటే, ఇంకా పెద్ద గంటలు తెచ్చి కట్టాడు. పులి మళ్లీ వచ్చింది.

ఆ రోజుల్లోనే సుంకమ్మకు ఒక కల వచ్చింది. మడుగు గట్టున ఒక ముదుసలి, ప్రాణం లేని జింకపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. "మీ గంటలకు బెదిరి నా బిడ్డలు నీళ్లకు రాలేకపోతున్నారు. జింకలన్నీ దాహంతో చస్తే పులి ఏం తినాల?" అని అడిగింది.

తెల్లవారి ఆ కల మొగుడికి చెప్పి, ఇద్దరూ వెతికితే, పొదల్లో దుప్పులు నాలుకలు బయటపెట్టి చచ్చిపడి ఉన్నాయి. ఈదన్న తల పట్టుకున్నాడు. ఆ పూటే గంటలన్నీ విప్పేసి, మధ్యాహ్నం దాకా నీళ్లు మందకు, ఆ తరువాత అడవికి అని కలలో కనిపించిన ఆ అమ్మకు మాట ఇచ్చాడు. గంట లేని పశువును అడవిలో వెతికి పట్టుకోవడం ఎవరి తరం? అందుకని సాయంత్రమయ్యేసరికి సుంకమ్మ ఈ బండ ఎక్కి, ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచేది. పశువులు వచ్చేవి.

జింకలు మడుగుకు వచ్చాయి, పులి మందను వదిలేసింది. అయితే ఒకనాడు చుక్కి అనే చూడావు పిలుపుకు రాలేదు. సుంకమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకుని కన్నబిడ్డలా సాకిన ఆవు అది. ఎక్కడా జాడ లేదు. గంట ఉంటే దొరికేది గదా అని ఈదన్న కుమిలిపోయి, విప్పిన గంటలు మళ్లీ కట్టబోయాడు. అడ్డుపడింది సుంకమ్మే.

"పోయింది నా ఆవు. మల్లా గంటలు కడితే ఆ తల్లి బిడ్డలు పోతారు. నేను పిలుస్తా. వింటే వస్తాది," అంది.

వానలు పడ్డాయి. అడవికి మేతకు వచ్చిన తక్కిన కాపరులు ఊళ్లకు మళ్లారు. పులి ఎప్పుడో తినేసి ఉంటుందని ఎందరు చెప్పినా ఆమె కదలలేదు. రోజూ బండ ఎక్కి పిలిచింది, రోజూ ఏడ్చింది. చివరికి ఒక సాయంత్రం ఆవలి గట్టున నీళ్లు తాగుతున్న దుప్పుల గుంపులోంచి చుక్కి తల ఎత్తి అంబా అంది. వెనకాల దూడ కూడా ఉంది. చుక్కిని కాచింది కలలోని ముదుసలేనని నమ్మి, అది ఈనిన చోట దొరికిన రాతిని తెచ్చి, ఆ దంపతులు బండ పక్కన నిలిపారు. నేడు మనం కొలిచే అమ్మవారు ఆ తల్లే.

అభయారణ్యంగా ప్రకటించాక అడవిలో మేత ఆగిపోయింది. ఈదన్న వంశస్థులు పశువులను అమ్ముకుని రోడ్డు పక్క కాలనీకి చేరారు. నియమం మాత్రం నిలిచింది. ఈ గుడికి గంట కట్టరు. మధ్యాహ్నం దాటితే మడుగు వైపు ఎవరూ దిగరు. మనిషి తప్పిపోయినా, అలిగి వెళ్లిపోయినా, వారి కోసం వచ్చినవారు సాయంత్రం బండ మీద నిలబడి ఆ పేరు ఒక్కసారి పిలుస్తారు. తిరిగి వచ్చినవారున్నారు. రానివారి సంగతి మేము దాచము. పిలిచినవారి మనసు కుదుటపడటం మాత్రం కళ్లారా చూస్తున్నాము.

శ్రావణంలో జరిగే ఉత్సవంలో మొదటి పిలుపు ఈదన్న వంశానిది. ఇప్పుడు ఆ ఇంటి పెద్ద తిరుపాలమ్మ వచ్చి, ఒకప్పుడు ఈ అడవిలో మేసిన తమ ఆవుల పేర్లు వరసగా పిలుస్తుంది. అమ్మేసిన ఆవులు ఎలా వస్తాయవ్వా అని నిరుడు ఒక యాత్రికుడు అడిగాడు.

"రావని నాకు తెల్దా నాయనా," అంది ఆమె. "మా గొంతన్నా ఈ అడివిలో ఉండాల గదా."

పేర్లన్నీ పిలిచాక ఆమె బండ దిగుతుంది. ఆ తరువాత వంతు మీది. మీ వారి పేరు పిలవండి. అమ్మ ఆలకిస్తుంది.