మినారు పైమొగ్గ

నూర్‌కొండ అని ఒకానొక రాజ్యం. దాన్నేలే నవాబు షౌకతుద్దౌలా గారు మంచివారే. కాకపోతే ఆయన మంచితనానికి నగారా తోడుండాలి. బీదవాడి చేతిలో రొట్టె పెట్టాలన్నా ముందు నగారా మోగాలి, జనం పోగవ్వాలి. ఈలోగా రొట్టె కాస్తా చల్లారి అట్ట కట్టేది.

ఆ నవాబు గారు ఒక మసీదు కట్టించారు. రంజాన్ పండుగ నమాజు అందులోనే జరగాలనీ, పొరుగు నవాబులు వచ్చి చూసి ముక్కున వేలేసుకోవాలనీ ఆయన కోరిక. పనంతా అయింది. మినారు కొసన నిలబెట్టే రాతి మొగ్గ ఒక్కటే మిగిలింది. దాన్ని చెక్కుతున్నవాడు మౌలాలి అనే ముసలి శిల్పి.

ఇంకా పది రోజుల్లో పండుగనగా నవాబు గారు కొలువుతో సహా పని చూడవచ్చారు. మొగ్గ రేకులు చూసి మురిసిపోయారు. అంతలో మౌలాలి సన్న ఉలి తీసి, మొగ్గ నడినెత్తిన ఈనెలు గీయసాగాడు.

"అదేమిటయ్యా?" అన్నారు నవాబు గారు.

"రేకుల లోపలివైపు, హుజూర్. ఇంకో వారం పడుతుంది."

"అది ఆకాశం వైపుండేది కదా! కిందనుంచి ఎవడికి కనిపిస్తుంది?"

"ఎవరికీ కనిపించదు, హుజూర్."

"మరెందుకు?"

"మసీదు పని కదా, హుజూర్" అన్నాడు మౌలాలి. అంతకంటే చెప్పడం పాపం అతనికి రాదు.

నవాబు గారికి ఒళ్ళు మండింది. "కనిపించని పనికి వారం రోజులా? ఎల్లుండి పొద్దుటికి రాయి పైకెక్కాలి. లేదా, పండుగకు ముందే నువ్వు ఊరు విడిచిపోవాలి!"

కొలువులో అందరూ తలలూపారు. ఊపనివాడు బుడన్ మియా ఒక్కడే. నవాబు గారి దుస్తులన్నీ అతని చేతిమీదుగా తయారవుతాయి. నోరు కాస్త దురుసు, మనసు వెన్న. అందరూ వెళ్ళాక అతను శిల్పి పక్కన చతికిలపడ్డాడు.

"మౌలాలి భాయ్, ఆ పైవైపు వదిలేస్తే ఏం పోతుంది?"

"నా చేతి చివరి పని సాబ్. వదిలేస్తే నాకు తెలుస్తుంది, పైవాడికి తెలుస్తుంది. ఊరైనా విడిచిపోతాను గానీ ఇది సగంలో వదల్లేను."

బుడన్ మియా గడ్డం గోక్కున్నాడు. తిన్నగా దర్జీ ఇంటికి నడిచాడు. నవాబు గారి పండుగ షేర్వానీకి అప్పటికి ముందుభాగం మాత్రమే కుట్టారు.

గడువునాటి పొద్దున షేర్వానీ కొలువుకు వచ్చింది. ముందంతా జరీ ధగధగలాడుతోంది. నవాబు గారు తొడుక్కుని అద్దం ముందు నిలబడి మీసం దువ్వారు. వీపు దురద పెట్టింది. విప్పి తిరగేస్తే, వెనకంతా గోనె గుడ్డ!

"బుడన్ మియా! నీకు మతి పోయిందా?"

"కనిపించని చోట జరీ దండగ కదా, హుజూర్. సింహాసనం మీద కూర్చుంటే తమరి వీపు ఎవరికి కనిపిస్తుంది?"

"నమాజులో ముందు వరసలో నిలబడేది నేను! ఊరంతా నా వెనకే ఉంటుంది! పొరుగు నవాబులు నా గోనె వీపు చూసి నవ్వుకోవాలా?"

బుడన్ మియా చెంపలు వేసుకున్నాడు. "నిజమే, హుజూర్. బుద్ధి గడ్డి తింది. అయితే తిరగేసి కుట్టిస్తాను. జరీ వెనక్కి, గోనె ముందుకి. నమాజులో తమరి ముందు ఎవరూ ఉండరు. ఇమాం సాహెబ్ కూడా అటే తిరిగి ఉంటారు. తరవాత పైన ఓ శాలువా కప్పేసుకుంటే సరి."

"ఎవరూ ఉండకపోవడమేమిటి మూర్ఖుడా!" నవాబు గారు అరిచారు. "అల్లాహ్ ముందు గోనె గుడ్డతో నిలబడమంటావా? ఆయన చూడడా?"

బుడన్ మియా తల వంచి సలాం చేశాడు.

"చూస్తాడు, హుజూర్. మౌలాలి చెప్పలేకపోయిన మాట ఇదే. మనం ఆయన్ని చూడలేకపోయినా ఆయన మనల్ని చూస్తున్నాడని నమ్మి పని చేయడాన్నే పెద్దలు ఇహ్సాన్ అన్నారు. తమరి వీపు జనానికి, ముందుభాగం ఆయనకి. మినారు మొగ్గ కూడా అంతే. కిందివైపు మనకి, పైవైపు ఆయనకి."

నవాబు గారు చేతిలోని గోనె గుడ్డను చాలాసేపు చూశారు. మొదట సిగ్గేసింది, తరవాత నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. "మౌలాలికి ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు ఇవ్వండి!" అన్నారు.

పండుగకు ముందురోజు మొగ్గ పైకెక్కింది. దాని నడినెత్తిన ఉన్న ఈనెలను పావురాలు తప్ప ఎవరూ చూడలేదు. పండుగనాడు బీదలకు వేడివేడి సేమియా పాయసం పంచారు. నగారా మోగలేదు. మౌలాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నవాబు గారు అతనికీ, బుడన్ మియాకూ చెరో శాలువా కప్పారు. బుడన్ మియా ఊరుకుంటాడా? అక్కడే శాలువా విప్పి తిరగేసి చూశాడు. లోపలివైపు కూడా అదే పట్టు, అదే పనితనం.

"శభాష్ హుజూర్! నేను తిరగేసి చూస్తానని ముందే కనిపెట్టారే!"

నవాబు గారు పకపకా నవ్వారు.

"నువ్వు చూస్తావని కాదులే, బుడన్ మియా!"